బాపుకి కోవాగ్జిన్, అమ్మకి కోవిషీల్డ్: మ్యూనిక్ వెళ్ళాలంటే ఏ దేశం రూల్ చూడాలి?

హనుమకొండ చిన్నోడు
11 ఏప్రిల్ 2022

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. మా అన్నవాళ్ళు మ్యూనిక్‌లో ఉంటారు. పాప పుట్టి ఏడాది దాటింది, అమ్మా బాపూ ఇంతవరకు వీడియో కాల్‌లో చూడడమే తప్ప ఒక్కసారి ఎత్తుకున్నది లేదు. రెండేళ్ళ తర్వాత మార్చి 27 నుంచి మామూలు అంతర్జాతీయ విమానాలు మళ్ళీ మొదలయ్యాయి కదా, ఎండలు ముదరకముందే మే నెలలో పంపిద్దాం అని అన్న అంటున్నాడు. అక్కడే ఓ రెండు నెలలు ఉండి, మధ్యలో అన్నకు సెలవు దొరికినప్పుడు వియన్నా, వెనిస్, వీలైతే పారిస్ చూపించాలని అతని ఆశ. ఇద్దరూ జీవితంలో విమానం ఎక్కలేదు. కాగితాల పని అంతా నామీదే ఉంది.

సమస్య ఏందంటే బాపుకి కోవాగ్జిన్ పడింది, అమ్మకి కోవిషీల్డ్. పోయినేడు స్లాట్ దొరకడమే గగనం, ఏది దొరికితే అది వేయించాం, అప్పుడు ఈ తేడాలు ఎవరికి తెలుసు. బాపుకి 64 ఏళ్ళు, రెండో డోసు జూన్‌లో అయింది. అమ్మకి 58, రెండో డోసు 2021 జులై 20న. వీసా గురించి అడగడానికి హైదరాబాద్ పోతే అక్కడి కౌంటర్‌లో కోవాగ్జిన్ అనగానే "జర్మనీ సైట్ చూసుకోండి" అని ఒక్క ముక్క చెప్పి పంపించారు. ఒక ఏజెంటేమో "డబ్ల్యూహెచ్ఓ ఒప్పుకుంది కాబట్టి యూరప్ అంతా చెల్లుతుంది, భయం లేదు" అంటున్నాడు. ఇంకో ఏజెంట్ "270 రోజులు దాటితే అమ్మదీ చెల్లదు" అంటున్నాడు. ఈ నెల మొదట్లో డబ్ల్యూహెచ్ఓ కోవాగ్జిన్ సరఫరా ఆపిందని పేపర్‌లో చూశాక టెన్షన్ ఇంకా పెరిగింది. ఎవరి మాట నమ్మాలి? ఇటీవల తల్లిదండ్రులను తీసుకుపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి, చాలా రుణపడి ఉంటాను.


మ్యూనిక్‌లో కరీంనగర్
12 ఏప్రిల్ 2022

తమ్మీ, నేను మీ అన్న ఉండే ఊర్లోనే ఉంటున్నా, సొంతూరు కరీంనగర్. ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకో. యూరప్ రూల్ అని ఒకటి లేదు. బ్రస్సెల్స్ నుంచి, అంటే యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి వచ్చేది సలహా మాత్రమే, తలుపు తీసేది వేసేది ఆయా దేశమే. మార్చి 1 నుంచి ఆ సలహా ఎలా ఉందంటే, డబ్ల్యూహెచ్ఓ జాబితాలో ఉన్న టీకాలు వేసుకున్నవాళ్ళను కూడా రానివ్వచ్చు, కానీ యూరప్ మందుల సంస్థ ఆమోదం లేని టీకా అయితే పైన ఆర్‌టీపీసీఆర్ కూడా అడగొచ్చు అని. ఇందులో 'వచ్చు' అన్న మాటే అసలు సంగతి. కొన్ని దేశాలు తీసుకున్నాయి, కొన్ని తీసుకోలేదు. మీ ఏజెంట్ ఆ వార్త సగం చదివి యూరప్ అంతటికీ అంటగడుతున్నాడు.

జర్మనీ సంగతి చెప్తా. ఇక్కడ ఏ టీకా చెల్లుతుందనేది పాల్ ఎర్లిష్ ఇన్‌స్టిట్యూట్ అనే ఇక్కడి ప్రభుత్వ టీకాల సంస్థ జాబితా ప్రకారం నడుస్తుంది. కోవిషీల్డ్ ఆస్ట్రాజెనెకా లైసెన్సుతో తయారైంది కాబట్టి పోయినేడు జులై నుంచే తీసుకుంటున్నారు, అమ్మ విషయంలో టీకా పేరుతో ఇబ్బంది లేదు. కోవాగ్జిన్ మాత్రం ఈ రోజుకి ఆ జాబితాలో లేదు. లేదంటే ఏమవుతుంది? టీకా వేసుకోనివాళ్ళ కిందే లెక్క. ఇండియా నుంచి అలాంటివాళ్ళు చుట్టపుచూపుగా రావడానికి వీల్లేదు, అత్యవసర కారణం ఉండాలి. ఎదిగిన కొడుకు దగ్గరికి తల్లిదండ్రులు రావాలంటే కాన్పు, పెళ్ళి, చావు లాంటి గట్టి కారణం చూపించాలి. మీ పాప అప్పుడే ఏడాది దాటింది కాబట్టి కాన్పు కారణం కూడా పోయింది. పీసీఆర్ నెగెటివ్ పట్టుకుని వస్తే సరిపోతుంది అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, టెస్ట్ వేరు, ప్రవేశానికి అనుమతి వేరు.

అందుకే నా మాట: బాపు కోసం తొందరపడి టికెట్ కొనొద్దు. కొంటే తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొనండి. ఇక్కడ రూల్స్ ప్రతి నెలాఖరుకీ మారుతున్నాయి, ఇప్పుడున్న ప్రవేశ నిబంధన కూడా గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నదే. కోవాగ్జిన్ తీసుకోవాలని ఇండియా వైపు నుంచి ఒత్తిడి కూడా ఉంది.


జగిత్యాల గల్ఫన్న
12 ఏప్రిల్ 2022

నాకు యూరప్ తెలియదు కానీ మా జగిత్యాల, నిజామాబాద్ దిక్కు వేలమంది ఈ కోవాగ్జిన్ బాధ పడ్డారు, అందుకని రాస్తున్నా. పోయిన సంవత్సరం గల్ఫ్ కంపెనీలు కోవాగ్జిన్ ఒప్పుకోకపోతే కొందరు ఇంకో ఫోన్ నంబరు, ఇంకో కార్డు పెట్టి కొత్తగా రిజిస్టర్ చేసుకుని కోవిషీల్డ్ వేయించుకున్నారు. కేరళలో సౌదీ ఉద్యోగి ఒకాయన ఇదే విషయం మీద హైకోర్టు దాకా పోయాడు. మీ బాపుకి అలా చేయిద్దాం అన్న ఆలోచన ఎవరన్నా ఇస్తే వద్దు అని చెప్పండి అన్నా. ఒక మనిషికి కోవిన్‌లో రెండు చరిత్రలు కనబడితే రేపు ఇమిగ్రేషన్‌లో జవాబు చెప్పేది ఆ పెద్దాయనే, ఏజెంట్ కాదు.

ఇంకోటి, దారిలో దిగే విమానాశ్రయం రూల్ కూడా చూడాలి. దుబాయ్ ఫిబ్రవరి దాకా మన దగ్గర బయలుదేరేముందు ర్యాపిడ్ పీసీఆర్ అడిగింది, తర్వాత తీసేసింది. దోహా వేరు, అబుదాబి వేరు. రెండు వేర్వేరు టికెట్లు కలిపి కొంటే ఇంకా కష్టం, మధ్యలో బ్యాగు తీసుకోవడానికి ఆ దేశంలోకి ప్రవేశించాల్సి వస్తుంది, అప్పుడు ఆ దేశం వీసా, ఆ దేశం కరోనా కాగితాలు అన్నీ మీద పడతాయి. ముసలోళ్ళు కాబట్టి ఒకే టికెట్ మీద, బ్యాగు మ్యూనిక్‌లోనే చేతికొచ్చేటట్టు తీయండి. వీల్‌చైర్ సాయం ముందే రాయించండి, నడవగలిగినా సరే, దాంతో కాగితాల లైన్‌లో ఒక మనిషి తోడుంటాడు.


ఫార్మసీ అక్క
13 ఏప్రిల్ 2022

నేను వరంగల్‌లో మందుల షాపు నడుపుతాను, టీకా సెంటర్ల పని కూడా దగ్గరగా చూశాను. రెండు సంగతులు.

మొదటిది ఆ 270 రోజుల లెక్క. అది నిజమే. ఫిబ్రవరి 1 నుంచి ఈయూ లోపలి ప్రయాణాలకు, మార్చి 1 నుంచి బయటి దేశాల వాళ్ళకు కూడా, రెండో డోసు తర్వాత 14 రోజులు నిండాలి, 270 రోజులు దాటకూడదు, దాటితే బూస్టర్ ఉండాలి. దేశాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉన్నా చాలాచోట్ల ఇదే. మీ అమ్మది జులై 20 కాబట్టి ఈ ఏప్రిల్ 16తో 270 అయిపోతాయి. మన దగ్గరేమో ప్రికాషన్ డోసు (బూస్టర్‌కి మనవాళ్ళు పెట్టిన పేరు) వేయాలంటే రెండో డోసు నుంచి 9 నెలలు, అంటే 39 వారాలు నిండాలి. 39 వారాలంటే 273 రోజులు! వాళ్ళ గడువు ముగిసిన మూడు రోజులకు గానీ మనవాళ్ళు సూది వేయరు. ఈ మూడు రోజుల సందులో ప్రయాణం పెట్టుకున్నవాళ్ళ పరిస్థితి ఏమిటని ఎవరూ ఆలోచించలేదు, నాకు దీని మీద చాలా కోపంగా ఉంది, చదువుకోవడానికి పోయే పిల్లలు ఎందరో ఇబ్బంది పడుతున్నారు. మీ అదృష్టం, ప్రయాణం మేలో కాబట్టి ఏప్రిల్ 19 తర్వాత ఏ రోజైనా అమ్మకి వేయించేయండి. ఆమెకు అరవై నిండలేదు కాబట్టి ప్రభుత్వ సెంటర్‌లో కుదరదు, ఏప్రిల్ 10 నుంచి 18 దాటిన అందరికీ ప్రైవేటులో ఇస్తున్నారు. కోవిషీల్డ్ 225 రూపాయలు, సర్వీసు చార్జీ 150కి మించకూడదు, ఎక్కువ అడిగితే రసీదు అడగండి. బాపుకి అరవై దాటింది కాబట్టి ప్రభుత్వ సెంటర్‌లో ఉచితం. ఇద్దరికీ ముందు ఏది పడిందో అదే పడుతుంది, మార్చరు. జర్మనీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా బాపుకి కూడా వేయించండి. ఆయన వయసుకి ఆ డోసు ఒంటికి అవసరం, వీసా తర్వాతి సంగతి.

రెండోది, డబ్ల్యూహెచ్ఓ వార్త. ఏప్రిల్ 2న వాళ్ళు ఆపింది ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా జరిగే సరఫరాని. ఫ్యాక్టరీ తనిఖీలో తయారీ పద్ధతుల్లో సరిచేయాల్సినవి కనిపించాయి, అవి సరిచేసే దాకా అని. టీకా పని చేయదని గానీ, ఇప్పటికే వేసుకున్నవాళ్ళ సర్టిఫికెట్ చెల్లదని గానీ చెప్పలేదు. 2021 నవంబర్ 3న ఇచ్చిన అత్యవసర గుర్తింపు అలాగే ఉంది. బాపు ఆ వార్త చూసి భయపడితే ఈ మాట చెప్పండి.

అన్నట్టు కోవిన్ సర్టిఫికెట్‌లో పేరు చూశారా? మన దగ్గర ఆధార్‌లో ఇంటిపేరుకి ఒక్క అక్షరం ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు మొత్తం ఉంటుంది. విదేశీ ప్రయాణానికి వేరే సర్టిఫికెట్ ఉంది, అందులో పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ పూర్తిగా వస్తాయి. మామూలు దాంట్లో పుట్టిన సంవత్సరమే ఉంటుంది, అది పట్టుకుపోతే ఇబ్బంది. పేరు సరిచేసుకునే అవకాశం ఒక్కసారే ఇస్తారు, అందుకని పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి నొక్కండి. బూస్టర్ పడ్డాక కొత్త సర్టిఫికెట్ మళ్ళీ దించుకోవాలి.


హనుమకొండ చిన్నోడు
13 ఏప్రిల్ 2022

అక్కా, మీరు చెప్పాకే చూశాను, అమ్మ పేరు నిజంగానే ఒక్క అక్షరంతో ఉంది, బాపుది సరిగ్గా ఉంది. ఈ రోజే సరిచేస్తాను. కరీంనగర్ అన్నా, మీరు చెప్పింది చదివి బాపుకి చెప్పాను, "నేను ఉంటాలే, మీ అమ్మని పంపించండి" అన్నాడు. అమ్మ ఒక్కతే పోనంటున్నది. అక్కడ మనవరాలు, ఇక్కడ ఆయన. ఇంట్లో ఏం చేయాలో తోచడం లేదు. ఎవరో ఇటలీకి టెస్ట్ ఉంటే చాలు అన్నారు, అక్కడ దిగి రైలెక్కి మ్యూనిక్ పోవచ్చా?


నిట్ పాత విద్యార్థి
14 ఏప్రిల్ 2022

ఈ నెల మొదటి వారంలోనే వియన్నా, వెనిస్ తిరిగొచ్చాను, కాబట్టి ఊళ్ళ లోపల ఎలా ఉందో నేను చెప్తాను. దేశంలోకి రానివ్వడం ఒక రూల్, ఊళ్ళో తిరగనివ్వడం ఇంకో రూల్, రెండూ కలిపి చదివితే తల తిరుగుతుంది.

ఇటలీ విషయం మీరు విన్నది నిజం. మార్చి 1 నుంచి టీకా సర్టిఫికెట్, కోలుకున్న కాగితం, 72 గంటల లోపు పీసీఆర్ నెగెటివ్, ఈ మూడిట్లో ఏదో ఒకటి ఉంటే మన దేశం నుంచి కూడా రానిస్తున్నారు. దాంతోపాటు ఆన్‌లైన్‌లో ప్రయాణికుల వివరాల ఫారం నింపాలి, ఏప్రిల్ ఆఖరు దాకా అది తప్పనిసరి. లోపల ఈ నెల 1 నుంచి మ్యూజియంలకు గ్రీన్ పాస్ (వాళ్ళ కరోనా సర్టిఫికెట్) అడగడం లేదు, రెస్టారెంట్ బయట కుర్చీల్లో కూర్చుంటే కూడా అడగరు, లోపల కూర్చుంటే ఏప్రిల్ 30 దాకా ఏదో ఒకటి చూపించాలి. మన కోవిన్ క్యూఆర్ వాళ్ళ ఫోన్‌లో చదవబడదు, మన దేశం ఆ వ్యవస్థలో కలవలేదు, అందుకని ప్రింట్ తీసిన కాగితం, పాస్‌పోర్టు చూపిస్తే చేతితో సరిచూసుకున్నారు. వెనిస్ పడవల్లో, రైళ్ళలో ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కే (మన ఎన్95 లాంటిది) కావాలి, మన గుడ్డ మాస్కు, నీలం సర్జికల్ మాస్కు పనికిరావు. నా ముందు ఒక పెద్దావిడను పడవ దగ్గర ఆపి మాస్క్ మార్చుకునే దాకా ఎక్కనివ్వలేదు.

వియన్నాలో ఇంకో కథ. ఆస్ట్రియా మొత్తం మార్చి 5న చాలా వదిలేసింది, కానీ వియన్నా నగరం సొంతంగా రెస్టారెంట్లలో 2జీ కొనసాగించింది, అంటే టీకా అయినా ఉండాలి, జబ్బు వచ్చి తగ్గినట్టయినా ఉండాలి, టెస్ట్ నెగెటివ్ ఉన్నా లోపలికి రానివ్వరు. అదే దేశంలో సాల్జ్‌బర్గ్‌లో ఎవరూ ఏమీ అడగలేదు. మెట్రోలో, ట్రాములో, మందుల షాపులో ఎఫ్‌ఎఫ్‌పీ2 తప్పనిసరి. కాబట్టి "ఆస్ట్రియా రూల్ ఏమిటి" అని వెతక్కండి, "వియన్నా రూల్ ఏమిటి" అని వెతకండి. పారిస్ ఇప్పుడు సులువే, టీకా పాస్‌ని మార్చి 14న పక్కన పెట్టారు, మెట్రోలో మాస్క్ మాత్రం ఉంది.

ఇటలీలో దిగి రైల్లో మ్యూనిక్ పోవడం గురించి నేను చెప్పను, జర్మనీ అన్న చెప్పాలి.


మ్యూనిక్‌లో కరీంనగర్
14 ఏప్రిల్ 2022

చెప్తా. రైలు ఉంది, వెరోనా నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా మ్యూనిక్‌కి నేరుగా వస్తుంది, ఐదారు గంటల ప్రయాణం, కిటికీలోంచి ఆల్ప్స్ కనబడుతూ చాలా బాగుంటుంది. కానీ మీరు అడిగింది రైలు గురించి కాదు కదా. షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశం దగ్గర తీసుకోవాలి. రెండు నెలలు మ్యూనిక్‌లో ఉండబోతూ ఇటలీ హోటల్ బుకింగ్ చూపించి ఇటలీ వీసా తీయడం అంటే అబద్ధం రాసి సంతకం పెట్టడమే. ఒకసారి దొరికితే బాపుకే కాదు, ఇక్కడ మీ అన్నకీ తలనొప్పి, రేపు అమ్మకి మళ్ళీ వీసా కావాలన్నా ప్రశ్నలు వస్తాయి. పైగా జర్మనీ చూసేది ఏ విమానాశ్రయంలో దిగారని మాత్రమే కాదు, అంతకుముందు ఏ దేశంలో ఉన్నారని కూడా.

నిజాయితీగా చేసే దారి ఒకటుంది. బాపు, అమ్మ నిజంగా ఇటలీలోనే రెండు వారాలు ఉండేటట్టు ఇటలీ వీసా తీసుకుని, మీ అన్నవాళ్ళే పాపని తీసుకుని అక్కడికి పోవడం. వెరోనా దగ్గర గార్దా సరస్సు పక్కన మ్యూనిక్ వాళ్ళు సెలవులకు పోతూనే ఉంటారు, కారులో సగం రోజు ప్రయాణం. వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే అమ్మ వండుకోవచ్చు. అయితే బాపు ప్రతిచోటా టెస్ట్ మీద ఆధారపడాలి, లోపల కూర్చుని తినే హోటళ్ళకి 48 గంటలకొకసారి ముక్కులో పుల్ల. నన్నడిగితే ఇంకో నెల ఆగమంటాను.


హైటెక్ బావ
15 ఏప్రిల్ 2022

ఎందుకు బ్రో ఇంత భయపెడుతున్నారు, కరోనా రూల్స్ అన్నీ పోయాయి. నార్వే తీసేసింది, ఐస్‌లాండ్ తీసేసింది, ఐర్లాండ్, డెన్మార్క్, లండన్ కూడా తీసేశాయి. మొన్న 9న చెక్ కూడా ఎత్తేసింది. టికెట్ బుక్ చేసుకుని వెళ్ళిపోండి, ఎవరూ చూడరు.


ఫార్మసీ అక్క
15 ఏప్రిల్ 2022

తమ్ముడూ, నువ్వు చెప్పిన దేశాలు తీసేసిన మాట నిజమే. కానీ ఈ కుటుంబం పోయేది జర్మనీకి. ఎవరూ చూడరు అని చెప్పి ఒక పెద్దాయనని శంషాబాద్ దాకా పంపిస్తే మొట్టమొదట చూసేది విమాన కంపెనీ కౌంటరే, ఎందుకంటే కాగితాలు లేని మనిషిని ఎక్కిస్తే జరిమానా, వెనక్కి తెచ్చే ఖర్చు వాళ్ళ మీద పడతాయి. వరంగల్ నుంచి అర్ధరాత్రి కారు కట్టుకుని, ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి, చుట్టాలందరూ దండలేసి సాగనంపాక, కౌంటర్‌లో "మీరు ఎక్కడానికి లేదు" అంటే ఆ మనిషి మనసు ఏమవుతుంది? అది ఆలోచించి సలహా ఇవ్వాలి.


హైటెక్ బావ
15 ఏప్రిల్ 2022

సరే అక్కా, అర్థమైంది. చెక్, ఐర్లాండ్ చూసి జర్మనీ కూడా అంతే అనుకున్నా.


మంచిర్యాల అమ్మాయి
19 ఏప్రిల్ 2022

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ రాయలేదు, అందుకని నేను రాస్తున్నా, మా అత్తమ్మని పోయిన నెలే తీసుకొచ్చాం. ఇండియాకి వచ్చేటప్పుడు ఎయిర్ సువిధ పోర్టల్‌లో స్వీయ ప్రకటన ఫారం నింపాలి, గడిచిన 14 రోజుల్లో ఏయే దేశాలు తిరిగారో రాయాలి. ఫిబ్రవరి 14 నుంచి, జాబితాలో ఉన్న దేశాల నుంచి వస్తే రెండు డోసుల సర్టిఫికెట్ ఎక్కిస్తే చాలు, లేకపోతే 72 గంటల లోపు ఆర్‌టీపీసీఆర్. ఇక్కడ కోవాగ్జిన్, కోవిషీల్డ్ తేడా లేదు, మన దేశమే కదా. ఫారం ప్రింట్ తీసి చేతిలో పెట్టండి, ఫోన్‌లో ఉంది అంటే చార్జింగ్ అయిపోయి అక్కడ కూర్చుని ఏడ్చిన వాళ్ళని చూశాను. దిగాక విమానంలో వచ్చినవాళ్ళలో నూటికి ఇద్దరిని ఎంచి టెస్ట్ చేస్తారు, మిగతావాళ్ళు ఇంటికి పోయి 14 రోజులు ఆరోగ్యం గమనించుకోవాలి. ఫిబ్రవరికి ముందున్న వారం రోజుల హోం క్వారంటైన్ ఇప్పుడు లేదు.

ఇన్సూరెన్స్ కూడా జాగ్రత్తగా చూడండి. వీసాకి 30 వేల యూరోల కవర్ ఉంటే చాలు, కానీ అందులో కోవిడ్ చికిత్స ఉందా, పాజిటివ్ వచ్చి ప్రయాణం వాయిదా పడితే ఆ ఖర్చు వస్తుందా అనేది వేరే పేరాలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెద్దవాళ్ళకి బీపీ, షుగర్ ఉంటే అది కూడా రాయించాలి. మందులు మొత్తం ట్రిప్పుకి సరిపడా, డాక్టర్ చీటీతో, చేతి బ్యాగులోనే పెట్టండి.


మ్యూనిక్‌లో కరీంనగర్
20 ఏప్రిల్ 2022

మంచి మాట చెప్పావు చెల్లీ. పాజిటివ్ వస్తే ఏంటనేది కూడా కలుపుతా. మా బవేరియాలో పోయిన వారం నుంచి ఐసొలేషన్ కనీసం 5 రోజులు, 48 గంటలు లక్షణాలు లేకపోతే బయటికి రావచ్చు, తగ్గకపోతే గరిష్ఠంగా 10 రోజులు. అది ఇంట్లోనే ఉండొచ్చు కాబట్టి కొడుకు ఇంటికి వచ్చే తల్లిదండ్రులకు పరవాలేదు, హోటల్‌లో ఉన్నవాళ్ళకే ఖర్చు. ర్యాపిడ్ టెస్ట్ ఇక్కడ వీధి మూలల్లో ఉచితంగానే చేస్తున్నారు. రైల్లో టీకా కాగితం చూపించాలన్న రూల్ మార్చి 20తో పోయింది, ఏప్రిల్ 3 నుంచి షాపుల్లో, మ్యూజియంలలో కూడా అడగడం లేదు. బస్సులో, మెట్రోలో ఎఫ్‌ఎఫ్‌పీ2 మాత్రం ఉంది.


ఫార్మసీ అక్క
14 మే 2022

అందరికీ ఒక వార్త. విదేశాలకు పోయేవాళ్ళు 9 నెలలు ఆగనక్కర్లేదు, పోయే దేశం రూల్ ప్రకారం ముందే ప్రికాషన్ డోసు తీసుకోవచ్చని కేంద్ర ఆరోగ్య మంత్రి మొన్న ప్రకటించారు. ఆ మూడు రోజుల సందు గురించి నేను బాధపడిన సంగతి ఇక్కడే రాశాను, చివరికి పూడ్చారు. ప్రయాణపు కాగితాలు చూపిస్తే వేస్తారు. చిన్నోడా, అమ్మది అయిందా?


హనుమకొండ చిన్నోడు
27 మే 2022

అయింది అక్కా, అమ్మది, బాపుది ఇద్దరిదీ అయింది. పేరు కూడా సరిగ్గా వచ్చింది. మేలో పంపలేదు, కరీంనగర్ అన్న మాట విని ఆగాం. అన్నకి కోపం వచ్చింది, అమ్మ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు, అయినా ఆగాం.

నిన్న వార్త వచ్చింది! జూన్ 1 నుంచి ప్రయాణానికి కోవాగ్జిన్‌ను ఒప్పుకుంటున్నట్టు ఇండియాలోని జర్మన్ రాయబారి ప్రకటించారు. బాపుకి చూపిస్తే రెండు సార్లు చదివించుకుని, "హైదరాబాద్‌లో తయారైన మందు, దానికి ఇన్నాళ్ళు పట్టిందా" అన్నాడు. వీసా అపాయింట్‌మెంట్ కోసం చూస్తున్నా, స్లాట్లు దొరకడం లేదు, రాత్రిపూట తెరుస్తున్నారని ఎవరో అన్నారు. జర్మనీ వీసానే తీస్తున్నాం, ఉండేది అక్కడే కాబట్టి. వియన్నా, వెనిస్ సంగతి అక్కడికి పోయాక ఆ వారం రూల్ చూసి అన్న నిర్ణయిస్తాడు, ముందే హోటళ్ళు బుక్ చేయొద్దని చెప్పాను.


నిట్ పాత విద్యార్థి
28 మే 2022

చాలా సంతోషం. ఇటలీకి ప్రవేశానికి గ్రీన్ పాస్ అడగడం మే 31తో అయిపోతోంది, ఆ ఫారం మే 1 నుంచే లేదు. ఆస్ట్రియా మే 16నే ప్రవేశ రూల్స్ ఎత్తేసింది. స్విట్జర్లాండ్ మే 2న ఎత్తేసింది. పారిస్ మెట్రోలో కూడా మే 16 నుంచి మాస్క్ లేదు. వియన్నా మెట్రో, ఇటలీ రైళ్ళకి మాత్రం ఎఫ్‌ఎఫ్‌పీ2 జేబులో ఉండాల్సిందే.


మ్యూనిక్‌లో కరీంనగర్
12 జూన్ 2022

నిన్నటి నుంచి జర్మనీ ఇంకో మెట్టు దిగింది, ఏ పని మీద వచ్చినా టీకా కాగితం లేకుండానే రానిస్తారు, మళ్ళీ ఏదైనా కొత్త రకం వైరస్ వచ్చి ఆ దేశాన్ని ప్రత్యేక జాబితాలో పెడితే తప్ప. అయినా సర్టిఫికెట్లు ప్రింట్ తీసి పాస్‌పోర్టుతో కలిపి పెట్టుకోండి, మధ్యలో దిగే విమానాశ్రయం అడగొచ్చు, తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్ సువిధకి ఎలాగూ కావాలి. ఇక్కడ వీధి మూలల్లో టెస్టులు ఈ నెలాఖరు దాకానే అందరికీ ఉచితం, తర్వాత చాలామందికి డబ్బులు కట్టాల్సి వస్తుందని అంటున్నారు. మాస్కులు అక్కడి నుంచి మోసుకురాకండి, ఇక్కడ మందుల షాపుల్లో, సూపర్ మార్కెట్లలో చవగ్గానే దొరుకుతాయి, విమానానికి సరిపడా నాలుగు పెట్టుకుంటే చాలు. వీసా చేతికి రాగానే తేదీ చెప్పు తమ్మీ, మీ అన్నకి ఆఫీసు ఉంటే విమానాశ్రయానికి నేను వస్తాను.